లినక్స్ ఉచితమే, అయినా మన టేబుల్ మీదకు ఎందుకు రాలేదు?

మాస్టారూ, మీరు అడిగింది ఇది: "మా స్కూలు ల్యాబ్‌లో 22 సిస్టమ్స్ ఉన్నాయి. అన్నిట్లోనూ విండోస్ 10. 2025 అక్టోబర్ 14తో దానికి సపోర్ట్ ఆగిపోయింది, విండోస్ 11 వీటిలో ఎక్కదంటున్నారు. కొత్తవి కొనే డబ్బు లేదు. లినక్స్ వేసుకోవచ్చా? అది అంత మంచిదైతే, పైగా ఉచితమైతే, ముప్పై ఏళ్లుగా విండోస్‌ను ఎందుకు దాటలేకపోయింది?"

లినక్స్ కూడా విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్. మొదటి ప్రశ్నకు జవాబు వేసుకోవచ్చనే. కానీ రెండోదానికి జవాబు తెలియకుండా వేస్తే, సరిగ్గా ఎక్కడ తడబడతారో ముందే తెలియదు. అందుకని వెనక నుంచి వస్తాను. నేను ఇరవై రెండేళ్లుగా చిన్న ఆఫీసుల్లో, స్కూళ్లలో సిస్టమ్స్ పెట్టి చూసుకునే పనిలో ఉన్నాను. చాలాచోట్ల లినక్స్‌కు మార్చాను. కొన్నిచోట్ల నేటికీ నడుస్తోంది, కొన్నిచోట్ల మూడు నెలలు తిరక్కుండా విండోస్ మళ్లీ వచ్చి కూర్చుంది.

ముందు ధర సంగతి. ఉచితంగా దొరికేది డబ్బు పెట్టి కొనేదాన్ని ఓడించాలని అందరూ అనుకుంటారు. మన ఊళ్లలో విండోస్‌ను డబ్బు పెట్టి కొన్నవాళ్లు ఎంతమంది? అసెంబుల్డ్ సిస్టమ్ తీసుకుంటే షాపతనే ఒక సీడీ పెట్టి విండోస్, దాంతోపాటు ఆఫీసు, ఫొటోషాపు, తెలుగు ఫాంట్లు అన్నీ ఎక్కించి ఇచ్చేవాడు. దానికి బిల్లు లేదు, లైసెన్స్ అన్న మాటే వినిపించేది కాదు. అంటే లినక్స్ మన దగ్గర పోటీ పడింది వేల రూపాయల సరుకుతో కాదు, సున్నా రూపాయల సరుకుతో. ఉచితం అన్న ఒక్క గుణం చూపించి ఎవరినైనా మార్చబోతే వాళ్లు "ఇదీ ఊరికే వచ్చిందేగా" అనేవాళ్లు. వాళ్ల మాటలో తప్పేమీ లేదు.

నిజానికి ఉచితం అన్నది ఈ సాఫ్ట్‌వేర్‌లో చిన్న సంగతి. ఇంగ్లిష్‌లో ఉచితానికీ స్వేచ్ఛకూ ఒకటే మాట (ఫ్రీ) కావడంతో అమెరికన్ ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో అందరూ స్వేచ్ఛగా వాడుకునే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించినప్పటి నుంచీ ఆ తేడా విడమరిచి చెప్పుకోవాల్సి వస్తోంది. మనకు రెండు మాటలూ విడిగా ఉన్నాయి, కాబట్టి నేను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనే అంటాను. దాన్ని ఎందుకైనా వాడొచ్చు, లోపల ఏముందో చూడొచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాళ్లకు పంచొచ్చు. మీ ల్యాబ్‌లో పిల్లలకు ఇది ఎంత విలువైనదో తర్వాత చెబుతాను.

ఇక గెలవకపోవడానికి నేను చూసిన మొదటి కారణం, అది పెట్టెలో రాకపోవడం. సిస్టమ్ కొన్నవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా అందులో ఏముంటే దాన్నే వాడతారు. ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎంచుకోవడమంటూ వాళ్ల జీవితంలో ఉండదు. ఈ విషయం మైక్రోసాఫ్ట్‌కు అందరికంటే ముందు అర్థమైంది. తొంభైల మొదట్లో కంప్యూటర్ తయారీదారులతో వాళ్ల ఒప్పందాలు ఎలా ఉండేవంటే, తయారుచేసిన ప్రతి మెషీన్‌కూ రాయల్టీ కట్టాలి, అందులో వాళ్ల ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ వేసినా వేయకపోయినా. ఇంకొకరి సిస్టమ్ వేస్తే రెండింటికీ డబ్బు పోతుంది. అలాంటప్పుడు ఎవరు వేస్తారు? అమెరికా న్యాయశాఖ కేసు పెడితే 1994లో రాజీ కుదిరి ఆ పద్ధతి ఆపేశారు. అప్పటికే పెట్టె వాళ్లదైపోయింది.

బీఓఎస్ అని ఒక చక్కటి ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది. జపాన్‌లో హిటాచీ తన కంప్యూటర్లలో విండోస్ పక్కన దాన్నీ వేసి అమ్మింది. కానీ ఆన్ చేస్తే రెంటిలో ఏది కావాలో అడిగే మెనూ కనిపించేది కాదు. లోపల ఉన్నా ఉన్నట్టు తెలియదు. మైక్రోసాఫ్ట్ ఒప్పందాల వల్లే తాము నష్టపోయామని బీఓఎస్ తయారుచేసిన బీ కంపెనీ 2002లో కేసు వేసింది. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ తప్పు ఒప్పుకోకుండానే 2 కోట్ల 32 లక్షల డాలర్లకు పైగా ఇచ్చి రాజీ చేసుకుంది. అప్పటికి బీ కంపెనీ ఆస్తులు అమ్ముకుని మూతపడే దశలో ఉంది.

లినక్స్‌కు పెట్టెలో చోటు దొరికిన సందర్భం ఒకటి వచ్చింది. 2007లో ఆసుస్ ఈఈఈ పీసీ అని ఏడంగుళాల బుల్లి ల్యాప్‌టాప్ తెచ్చింది. అందులో లినక్సే ఉండేది, జనం బాగా కొన్నారు. అప్పటి కొత్త విండోస్ విస్టా ఆ చిన్న మెషీన్‌లో నడవదు. దాంతో మైక్రోసాఫ్ట్ 2008లో ఏం చేసిందంటే, అటకెక్కించబోయిన పాత విండోస్ ఎక్స్‌పీని ఇలాంటి చవక మెషీన్ల కోసమే ఇంకా అమ్ముతామని ప్రకటించింది. ఏడాది తిరిగేసరికి ఆ సైజు ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా ఎక్స్‌పీతోనే వస్తున్నాయి. దీనికి ఎదుటివాళ్లను మాత్రమే తప్పుపట్టను. ఆ తొలి మెషీన్లలో వేసిన లినక్స్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవడం మామూలు మనిషికి కష్టంగా ఉండేది. మంచి అవకాశాన్ని మనవైపు కూడా జారవిడుచుకున్నాం, అది ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

రెండో కారణాన్ని అమెరికా కోర్టు 1999లోనే రాసిపెట్టింది. మైక్రోసాఫ్ట్ గుత్తాధిపత్యం కేసులో జడ్జి జాక్సన్ తేల్చిన విషయాల్లో ఒక లెక్క ఉంది. అప్పటికి విండోస్ మీద నడిచే ప్రోగ్రాములు 70,000కు పైగా. ఐబీఎం అంతటి కంపెనీ పోటీకి తెచ్చిన ఓఎస్/2కు, బాగా నడిచిన రోజుల్లో కూడా, 2,500 దాకానే ఉన్నాయి. ప్రోగ్రాములు రాసేవాళ్లు జనం ఎక్కడుంటే అక్కడికి పోతారు, జనం ప్రోగ్రాములు ఎక్కడుంటే అక్కడికి పోతారు. ఈ చక్రంలోకి బయటివాడు దూరడం ఎంత కష్టమో ఆ తీర్పులో వివరంగా ఉంది. మన దగ్గర దీనికి లెక్కలు రాసే ట్యాలీ ఒక్కటి చాలు. అది విండోస్ మీదే నడుస్తుంది. అకౌంటెంట్ బల్ల మీద లినక్స్ పెడదామంటే మాట అక్కడితో ఆగిపోతుంది. అమీర్‌పేటలో కోర్సు బోర్డులు చూడండి, కంప్యూటర్ బేసిక్స్ అంటే ఎంఎస్ ఆఫీసే. అదే నేర్చుకుని వచ్చిన పిల్లవాడు ఉద్యోగంలో అదే అడుగుతాడు.

మూడోది అన్నిటికంటే పెద్దది, మీకు రేపు నేరుగా తగిలేది కూడా ఇదే. మీ కాగితాలు ఎవరి చేతిలో ఉన్నాయి అన్నది.

2011లో ఒక సహకార సంఘం ఆఫీసులో ఆరు సిస్టమ్స్ లినక్స్‌కు మార్చాను. శని, ఆదివారాలు కూర్చుని అన్నీ వేశాను. ప్రింటర్ పనిచేసింది, ఇంటర్నెట్ వచ్చింది, పాత ఫైళ్లన్నీ కాపీ అయ్యాయి. సోమవారం పదిన్నరకు అక్కడి గుమాస్తా ఫోన్ చేశాడు. "సార్, మా తెలుగు పోయింది" అన్నాడు. వెళ్లి చూస్తే సంఘం నియమావళి తెరిచి పెట్టుకుని ఉన్నాడు. నలభై పేజీలు. మొదటి లైన్లో సంఘం పేరు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ పెద్దక్షరాలు, మధ్యలో డాలర్ గుర్తు, పైన టోపీ పెట్టుకున్న ఏదో యూరప్ అక్షరం, రెండు కొటేషన్ గుర్తులు. కిందికి జరిపితే అంతా అదే. ఇరవై ఏళ్ల తీర్మానాలు, సభ్యులకు రాసిన నోటీసులు, మహాజన సభ మినిట్స్ అన్నీ అలాగే ఉన్నాయి. ఆయన ముఖం చూస్తే నేను రికార్డు గదికి నిప్పుపెట్టినట్టుంది.

అసలు జరిగిందేమిటంటే, ఆ ఫైళ్లలో తెలుగు ఎప్పుడూ లేదు. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ ఒకే కోడ్ పద్ధతి అయిన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు ఇచ్చారు. కానీ మన డీటీపీ సెంటర్లు, పత్రికలు, ఆఫీసులు అప్పటికే వేరే దారిలో పనిచేస్తున్నాయి. ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన గళ్లలో తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తులు ముక్కలు ముక్కలుగా పెట్టి ఒక ఫాంటు తయారుచేస్తారు. ఫైలులో పడేది ఇంగ్లిష్ కోడ్ మాత్రమే, దానికి తెలుగు బొమ్మ తొడిగేది ఫాంటు. ఫాంటు లేని మెషీన్లో తెరిస్తే బొమ్మ ఊడిపోయి లోపలిది కనిపిస్తుంది. ఫాంటు ఫైలు తెచ్చి లినక్స్‌లో వేశాను, చదవడానికి వచ్చింది. కానీ కొత్త లైను టైపు చేయాలంటే ఆ ఫాంటుతో వచ్చిన కీబోర్డు ప్రోగ్రాం కావాలి, అది విండోస్‌లో తప్ప నడవదు. ఆ సాయంత్రమే రెండు సిస్టమ్స్‌లో విండోస్ మళ్లీ వేసి ఇచ్చాను.

అక్కడ నేను చేసిన తప్పు లినక్స్ వేయడం కాదు, ఫైళ్లను చూడకుండా వేయడం. ఆ రెండు సిస్టమ్స్‌లో విండోస్ ఉండిపోయింది ఎవరో దాన్ని ఇష్టపడి కాదు. ఇరవై ఏళ్ల కాగితాలు అందులో తప్ప తెరుచుకోకపోవడం వల్ల.

అచ్చుకు పేజీలు అమర్చే ప్రోగ్రాం పేజ్‌మేకర్ సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. దాని చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత దాని సొంతదారు అడోబీ దాన్ని పెంచడం మానేసి తన ఇంకో ప్రోగ్రాం ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయింది. మన ఊళ్లలో శుభలేఖలు, కరపత్రాలు వేసే సెంటర్లకు వెళ్లండి, ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లు, యాపిల్ అనే తెలుగు కీబోర్డు లేఔట్. ఆపరేటర్ల వేళ్లు ఆ లేఔట్‌కు అలవాటు పడి ఉన్నాయి, పాత డిజైన్లన్నీ ఆ ఫైళ్లలో ఉన్నాయి. ఇక్కడ ఒక మంచి విషయం చెప్పాలి. అడోబీ వదిలేసిన ఆ ఫైళ్లను తెరవడానికి ఎంఎస్ ఆఫీసు లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లిబ్రే ఆఫీస్ వాళ్లు సొంతంగా కోడ్ రాసి 2015లో 4.4 వెర్షన్‌లో పెట్టారు. పేజీ అచ్చంగా పాతదానిలాగే వస్తుందని చెప్పను, తెలుగు ఫాంటు గొడవ ఎలాగూ ఉంటుంది. కానీ సొంతదారే పట్టించుకోని ఫార్మాట్‌ను బయటివాళ్లు బతికించారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద నాకు ఇంత మమకారం ఉండటానికి ఇలాంటివే కారణం.

పెద్ద ఎత్తున మారినవాళ్ల అనుభవం చూసినా ఇదే కనిపిస్తుంది. జర్మనీలో మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో లినక్స్ వైపు వెళ్లాలని నిర్ణయించింది. అది ఆపడానికి మైక్రోసాఫ్ట్ అధినేత స్టీవ్ బామర్ తన సెలవు మధ్యలో ఆపుకుని వచ్చి మేయర్ క్రిస్టియన్ ఊడెను కలిశాడు. అయినా ఊడె వెనక్కి తగ్గలేదు. పదేళ్లు పట్టింది, దాదాపు 15,000 సిస్టమ్స్ మారాయి. 2014లో కొత్త మేయర్ వచ్చాడు, 2017లో కౌన్సిల్ మళ్లీ విండోస్‌కు పోవాలని తీర్మానించింది. దీన్ని కొందరు లినక్స్ ఓటమి అంటారు, ఇంకొందరు ఒట్టి రాజకీయం అంటారు. నా లెక్కలో రెండూ సగం సగమే. బయటి శాఖల నుంచి వచ్చే వర్డ్ ఫైళ్లు సరిగ్గా తెరుచుకోకపోవడం, కొన్ని పనులకు విండోస్‌లోనే నడిచే ప్రోగ్రాములు ఉండిపోవడం, సిబ్బంది విసుగు, ఇవన్నీ నిజాలే. మీరొక్కరే మారి, మీకు ఉత్తరాలు రాసేవాళ్లు మారకపోతే రోజూ ఈ ఇబ్బంది ఉంటుంది.

ఫ్రాన్స్ జాండార్మరీ పోలీసులు వేరే వరసలో వెళ్లారు. వాళ్లు ముందు ఆపరేటింగ్ సిస్టమ్ జోలికే పోలేదు. 2005లో విండోస్ మీదే లిబ్రే ఆఫీస్ లాంటి ఓపెన్ ఆఫీస్ వేసుకున్నారు. తర్వాత బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్, మెయిల్ ప్రోగ్రాం థండర్‌బర్డ్. సిబ్బందికి ఆ ప్రోగ్రాములు అలవాటయ్యాక 2008 నుంచి అడుగున ఉబుంటు అనే లినక్స్ పెట్టారు. పొద్దున్నే వచ్చి కూర్చున్న పోలీసుకు పైన కనిపించే ప్రోగ్రాములు నిన్నటివే. 2013 నాటికి 37,000 సిస్టమ్స్ అలా మారాయి, వెనక్కి పోలేదు. నేను ఆ సహకార సంఘంలో ఈ వరస పాటించి ఉంటే ఆ సోమవారం ఫోన్ వచ్చేది కాదు. తర్వాత చేసిన ప్రతిచోటా దీన్నే పాటించాను.

మీది స్కూలు కాబట్టి కేరళ గురించి తప్పక తెలుసుకోవాలి. అక్కడ ఐటీ@స్కూల్ అనే ప్రభుత్వ ప్రాజెక్టు 2001లో మొదలైంది. మొదట్లో పాఠ్యపుస్తకం ఒకే కంపెనీ సాఫ్ట్‌వేర్ చుట్టూ రాస్తే ఉపాధ్యాయ సంఘం, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు అభ్యంతరం చెప్పారు. క్రమంగా మొత్తం లినక్స్‌కు మార్చారు. 2017లో ఆ ప్రాజెక్టే కైట్ అనే సంస్థ అయింది. వాళ్లే ఉబుంటును తమ పాఠాలకు తగ్గట్టు కట్టి రాష్ట్రంలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు ఇస్తున్నారు. అక్కడ నిలవడానికి ముఖ్య కారణం ల్యాబ్ ఒక్కటే మారకపోవడం. పుస్తకం మారింది, పరీక్ష మారింది, టీచర్లకు శిక్షణ ఇచ్చింది తోటి టీచర్లే. మన రెండు రాష్ట్రాల్లో ఆ స్థాయిలో జరగలేదు, జరగాలని నా కోరిక. మనకు మనుషులు లేక కాదు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్లు ఏళ్ల తరబడి తెలుగులో డెస్క్‌టాప్ కోసం, కాలేజీ పిల్లల్లో ప్రచారం కోసం పనిచేస్తూనే ఉన్నారు.

ఇప్పటి పరిస్థితి పదిహేనేళ్ల కిందటి కంటే చాలా నయం. జడ్జి జాక్సన్ తీర్పులోనే ఒక మాట ఉంది, బ్రౌజర్ బలపడితే ప్రోగ్రాములు ఏ సిస్టమ్‌లోనైనా నడిచే రోజు రావచ్చు, అందుకే మైక్రోసాఫ్ట్ అప్పటి బ్రౌజర్ నెట్‌స్కేప్‌ను చూసి భయపడిందని. ఆ రోజు వచ్చేసింది. మీరు స్కూలు వివరాలు ఎక్కించే పోర్టల్స్, వాట్సాప్, యూట్యూబ్ పాఠాలు అన్నీ బ్రౌజర్‌లోనే. ఆటల సంగతి మొన్నమొన్నటిదాకా కలలో మాట. వాల్వ్ కంపెనీ 2018లో ప్రోటాన్ తెచ్చాక విండోస్ ఆటలు వేలల్లో లినక్స్ మీద నడుస్తున్నాయి. 2022లో స్టీమ్ డెక్ అనే చేతి మెషీన్‌ను లినక్స్ వేసే అమ్మారు. కొన్నవాళ్లలో చాలామందికి అది లినక్స్ అన్న ధ్యాసే లేదు. పెట్టెలో వస్తే ఎలా ఉంటుందో చూశారుగా. 2024 ఫిబ్రవరిలో స్టాట్‌కౌంటర్ లెక్కలో ప్రపంచ డెస్క్‌టాప్‌లలో లినక్స్ వాటా మొదటిసారి 4 శాతం దాటింది. ఆ అంకె చిన్నదే, అక్కడిదాకా రావడానికి మూడు దశాబ్దాలు పట్టింది.

ఇక మీ ల్యాబ్. ముందుగా చేయాల్సింది పెన్‌డ్రైవ్ తీసుకోవడం కాదు, ఒక నోట్‌బుక్ తీసుకోవడం. ఏ సిస్టమ్‌లో ఎవరు ఏ పని చేస్తున్నారో రాయండి. ఆఫీసు రూములో ట్యాలీ, డిజిటల్ సంతకం టోకెన్ ఉన్న సిస్టమ్ ఉంటే దాన్ని ముట్టుకోకండి. అది విండోస్‌లోనే ఉండనివ్వండి, దానికొక్కదానికి కొత్త మెషీన్ కొనుక్కోండి. ప్రశ్నపత్రాలు టైపు చేసే సిస్టమ్ ఏదో చూడండి. అవి పాత ఫాంట్లలో ఉంటే యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మార్చాక ఎవరైనా తెలుగు మాస్టారు కూర్చుని చదవాల్సిందే, ఒత్తులు, సున్నాలు అక్కడక్కడా తప్పుతాయి. ఏటా వాడే పత్రాలు మాత్రం మార్చుకోండి, మిగతావి పీడీఎఫ్ చేసి దాచేయండి.

టైపింగ్ గురించి టెన్షన్ పడొద్దు. లినక్స్‌లో ఐబస్, ఎం17ఎన్ అనే టైపింగ్ ప్రోగ్రాములు వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్‌తోపాటు యాపిల్ లేఔట్ కూడా ఉంది. డీటీపీలో ఇరవై ఏళ్లు చేసిన ఆపరేటర్ ఒకాయన దాని మీద పది నిమిషాలు టైపు చేసి, స్క్రీన్ మీద యూనికోడ్ తెలుగు పడుతుంటే "ఇది ముందే చెప్పి ఉంటే" అన్నాడు నాతో. మండలి, రామభద్ర లాంటి మంచి తెలుగు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్స్‌తోనే దొరుకుతాయి.

విండోస్ తీసేయకముందే అన్ని సిస్టమ్స్‌లోనూ లిబ్రే ఆఫీస్, ఫైర్‌ఫాక్స్ వేసి ఒక టర్మ్ గడపండి. ఎక్కడెక్కడ ఇబ్బంది వస్తుందో ఆ మూడు నెలల్లో బయటపడుతుంది. తర్వాత రెండు సిస్టమ్స్‌లో పాత మెషీన్ల మీద తేలిగ్గా నడిచే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేయండి. 4 జీబీ ర్యామ్ ఉంటే చాలు. పాత హార్డ్ డిస్క్ ఉంటే తీసేసి చిన్న ఎస్‌ఎస్‌డీ (వేగంగా నడిచే కొత్త రకం డిస్క్) పెట్టించండి, ఆ ఖర్చు మాత్రం వెనకాడొద్దు, పదేళ్ల మెషీన్ కొత్తదానిలా లేస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి చూసే వీలుంది కాబట్టి డిస్క్ మీద ఏమీ మార్చకముందే వైఫై, సౌండు, ప్రొజెక్టర్ చూసుకోవచ్చు. ప్రింటర్‌ను ఆ రోజే తగిలించి ఒక పేజీ తీయండి. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే చిన్న లేజర్ ప్రింటర్లలో కొన్నిటికి లినక్స్ డ్రైవర్ సరిగ్గా ఉండదు. నేను చూసిన వెనక్కి మళ్లడాల్లో సగం ప్రింటర్ దగ్గరే మొదలయ్యాయి.

పిల్లల కోసం లెక్కలు, బొమ్మలు, ప్రోగ్రామింగ్ నేర్పే జియోజీబ్రా, జీకాంప్రిస్, టక్స్ పెయింట్, స్క్రాచ్ వేయండి. పోయినేడు నేను పెట్టిన ఒక ల్యాబ్‌లో ఎనిమిదో తరగతి అమ్మాయి ఇలాంటి ఒక ప్రోగ్రాంలో తెలుగు మాట ఒకటి తప్పుగా ఉందని పట్టుకుంది. ఆ మాటలు ఉన్న ఫైలు ఎక్కడుందో చూపించాను, తనే దిద్దింది, ప్రోగ్రాం మూసి తెరిస్తే తన మాట స్క్రీన్ మీద కనిపించింది. క్లాసంతా ఆ మెషీన్ చుట్టూ మూగారు. మార్చుకునే హక్కు అని ఇందాక అన్నది ఇదే.

తల్లిదండ్రులు "మా పిల్లలకు ఎంఎస్ ఆఫీస్ నేర్పరా" అని అడుగుతారు, అడగనివ్వండి. మెయిల్ మెర్జ్ ఏమిటో, ఫార్ములా ఎలా రాయాలో లిబ్రే ఆఫీస్‌లో నేర్చుకున్నవాళ్లు ఎంఎస్ ఆఫీస్‌లో వారంలో సర్దుకుంటారు. ఇది నేను చాలామంది పిల్లల్లో చూశాను.

ఆ రెండు సిస్టమ్స్‌ను ల్యాబ్ మూలన కాకుండా తలుపు పక్కన, అందరూ ముందుగా కూర్చునే చోట పెట్టండి. పిల్లలు వాటి మీద వాదులాడుకోకుండా మామూలుగా పని చేసుకుంటున్నారనిపించాక, వేసవి సెలవుల్లో మిగతావి మార్చండి.